అడిగినాకే అక్షరం

1993 ప్రాంతంలో పాలమూరు పల్లెల్లోకి ఒక విద్యా పథకం పలకలు లేకుండా వచ్చింది. దేశమంతటా మహిళా సమాఖ్యగా తెలిసిన ఆ కార్యక్రమాన్ని అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో నడపడానికి ఆంధ్రప్రదేశ్ మహిళా సమత సొసైటీ ఏర్పడింది. మొదట అడుగుపెట్టిన జిల్లాలు రెండు: పాలమూరుగా పిలిచే మహబూబ్‌నగర్, మెదక్. 1991 జనాభా లెక్కల ప్రకారం మహబూబ్‌నగర్ జిల్లాలో చదవడం, రాయడం వచ్చిన ఆడవాళ్లు నూటికి 18 మంది. అలాంటి చోటికి విద్యాశాఖ డబ్బుతో వచ్చిన కార్యకర్త ఊరి ఆడవాళ్లను కూడగట్టి, వాళ్లతో గంటలు గంటలు మాట్లాడి, ఒక్క అక్షరమైనా దిద్దించకుండా తిరిగి వెళ్లిపోయేది. నాకు ఆ పథకం పనితనమంతా అక్కడే కనిపిస్తుంది.

అంతకుముందు జరిగింది గుర్తుంటే ఈ తీరు ఎందుకో అర్థమవుతుంది. 1978 అక్టోబర్ 2న మొదలైన జాతీయ వయోజన విద్యా కార్యక్రమం ఐదేళ్లలో 10 కోట్ల మందికి చదువు చెప్పాలనుకుంది. ఊరూరా రాత్రి బడులు వెలిశాయి. లాంతర్లు ఇచ్చారు, పలకలు ఇచ్చారు, వాచకాలు పంచారు. మొదటి నెల కిటకిటలాడిన బడి మూడో నెలకు పలచబడడం ఆ రోజుల్లో పనిచేసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకునే సంగతి. పొద్దంతా కలుపు తీసి, ఇంటికొచ్చి రొట్టెలు కొట్టి, పిల్లల్ని పండబెట్టిన మనిషి రాత్రి తొమ్మిదింటికి పలక ముందు కూర్చోవాలంటే ఆ అక్షరంతో ఆమెకు పనుండాలి. ఆ పనేమిటో అడిగిన బడులు తక్కువ.

మహిళా సమాఖ్య ఆ ప్రశ్న దగ్గరే మొదలైంది. 1984లో రాజస్థాన్‌లో మొదలైన మహిళా అభివృద్ధి కార్యక్రమం దానికి ముందు నడక. 1986 జాతీయ విద్యా విధానం స్త్రీల సమానత్వం కోసం చదువు అనే మాటను కాగితం మీద పెట్టింది. నెదర్లాండ్స్ ఆర్థిక సాయంతో కర్ణాటక, గుజరాత్, ఉత్తరప్రదేశ్‌లలో 1989 నాటికి పని మొదలైంది. ఒక్కో కార్యకర్తకు పది ఊళ్లు. ఆమె చేయాల్సింది సంఘం కట్టడం, వినడం. ఎంత వేగంగా నడవాలో, ఏ దిక్కుకు నడవాలో సంఘమే తేల్చాలన్నది కార్యక్రమం పెట్టుకున్న నియమం. లెక్కలు అడిగే పైఅధికారులున్న చోట ఈ నియమాన్ని నిలుపుకోవడం ఎంత కష్టమో ప్రభుత్వ పథకాల్లో పనిచేసిన ఎవరికైనా తెలుసు.

పాలమూరులో సంఘంలో చేరినవాళ్లు ఎక్కువగా దళిత కూలి మహిళలు. వాళ్లు ముందు మాట్లాడింది బోరింగు గురించి, కూలి రేట్ల గురించి, రేషన్ దుకాణం తెరిచే వేళల గురించి, చిన్నపిల్లల పెళ్లిళ్ల గురించి. జోగినీ ఆచారాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం వచ్చినా ఊళ్లలో ఆడపిల్లల్ని దేవతకు వదిలేయడం ఆగలేదు. సంఘాలు దాని మీదా కొట్లాడాయి. కూర్చోవడానికి తమదంటూ ఒక చోటు ఉండాలని కొన్ని ఊళ్లలో మహిళా కుటీరాలు కట్టుకున్నారు. ఇవన్నీ అయ్యాక గానీ చదువు మాట రాలేదు. వచ్చినప్పుడు సంఘం నోటి నుంచే వచ్చింది. మండల ఆఫీసులో ఇచ్చిన అర్జీలో గుమస్తా ఏం రాశాడో తెలియదు. సంఘం డబ్బు బ్యాంకులో ఉంది, పాస్‌బుక్కులో అంకె చదవడానికి పక్కింటి పిల్లాడు కావాలి. 73వ రాజ్యాంగ సవరణ తర్వాత 1995లో జరిగిన పంచాయతీ ఎన్నికల్లో మూడో వంతు సీట్లు ఆడవాళ్లవయ్యాయి. గెలిచిన మనిషి ముందుకు తీర్మానాల పుస్తకం వచ్చింది, దస్కతు చేయమన్నారు. ఏం రాసుందో తెలియకుండా వేలిముద్ర వేయడం అప్పటిదాకా ఒక ఇంటి నష్టం. ఇక మీదట అది ఊరి నష్టం. అలా అవసరం పుట్టాక అక్షరం వచ్చి కూర్చుంది.

కూర్చున్నాక దాన్ని ఎలా నేర్పాలి? వయోజన విద్యలో అసలు పనితనం ఇక్కడుంది. దాని గురించి మన పత్రికలు రాసింది చాలా తక్కువ.

పిల్లలకు మన పాత బడి నేర్పే వరుస అందరికీ తెలుసు. ముందు వర్ణమాల మొత్తం, తర్వాత గుణింతాలు, తర్వాత ఒత్తులు, ఆ తర్వాతే మాట. మొదటి మాట చదవడానికి పిల్లాడికి నెలలు పట్టినా ఫర్వాలేదు, వాడికి ఏళ్లున్నాయి. కూలి మనిషికి రాత్రి ఒక గంట ఉంది, అదీ నాట్ల కాలంలో ఉండదు. జీవితంలో ఎన్నడూ రాయబోని ఌ, ఙ ల దగ్గర ఆమెను నిలబెడితే మర్నాడు రాదు. అందుకే వయోజన వాచకాలు మాటతో మొదలవుతాయి. మాటను చూపించి, దాని గురించి మాట్లాడించి, అక్షరాలుగా విడగొట్టి, ఆ అక్షరాలతోనే కొత్త మాటలు కట్టిస్తాయి. మొదటి మాటలకు గుణింతం ఉండకూడదు, ఒత్తు ఉండకూడదు, ఇంట్లోనో చేన్లోనో రోజూ కనబడేదై ఉండాలి. ఈ మూడు షరతులకూ లోబడే మాటలు తెలుగులో వెతికితే బాగానే దొరుకుతాయి. పంట తీసుకోండి. ప, సున్న, ట. దానికి గ, మ చేర్చండి. గంట, మంట, గంప వచ్చేశాయి. నాలుగు అక్షరాలూ ఒక సున్నతో, పావుగంటలో, ఆమె నాలుగు మాటలు చదివింది. నాలుగూ ఆమెవే. పాఠం రాసినవాళ్లు ఆ మాటల ఎంపిక కోసం ఎన్ని కాగితాలు చించి ఉంటారో ఊహించుకుంటే నాకు వాళ్ల మీద గౌరవం పెరుగుతుంది. హైదరాబాద్‌లో ఆంధ్ర మహిళా సభ నడిపిన రాష్ట్ర వనరుల కేంద్రం తెలుగులో ఈ పనిని ఏళ్ల తరబడి చేసింది. వయసు మీరిన ఆడవాళ్లకు కుదించిన కోర్సులు పెట్టి పరీక్షలకు కూర్చోబెట్టవచ్చని దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఎప్పుడో చూపించింది ఆ మహిళా సభలోనే.

ఈ పద్ధతికి ప్రపంచంలో పేరు తెచ్చినవాడు బ్రెజిల్‌కు చెందిన పౌలో ఫ్రేరీ. 1963లో అంజికోస్ అనే చిన్న ఊళ్లో 300 మంది కూలీలకు 40 గంటల్లో చదవడం, రాయడం నేర్పించాడు. అక్కడి కూలీల బతుకులోంచి కొన్ని మాటలు ఏరుకున్నాడు. ఇటుకకు పోర్చుగీసులో తిజోలో అంటారు. ఆ మాటను తి, జో, లో అని విడగొట్టి, తి పక్కన త, తె, తి, తొ, తు అని కుటుంబమంతా ఒక కార్డు మీద రాసి చూపించేవాడు. కూలీలు ఆ ముక్కలతో సొంత మాటలు కట్టేవాళ్లు. ఫ్రేరీ అంత కష్టపడి తయారు చేసుకున్న ఆ కార్డు తెలుగువాళ్ల దగ్గర తరతరాలుగా ఉంది. గుణింతమంటే అదే. పోర్చుగీసులో అక్షరాలను జోడించి పలుకు కట్టాలి. తెలుగులో ఒక్కో అక్షరమే ఒక పలుకు. అంటే మన లిపి ఈ పద్ధతికి పుట్టుకతోనే సిద్ధంగా ఉంది. గుణింతాన్ని మాటకు ముందు పెట్టి బట్టీ పట్టిస్తే బరువవుతుంది. మాట తర్వాత పెడితే తాళం చెవి అవుతుంది. వరుస మార్చడమే తప్ప కొత్తగా తెచ్చింది ఏమీ లేదు.

అయితే ఏ వాచకమూ దాటలేని చిక్కు ఒకటుంది. చదువుకు వచ్చిన ఆడమనిషి మొదట అడిగేది పంట రాయడం కాదు, తన పేరు. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో ఆమె పేరు ఎల్లమ్మ, బాలమ్మ, సాయమ్మ, నర్సమ్మ, మన్నెమ్మ. ప్రతి పేరు చివరా ఒత్తు. వాచకం ఒత్తుల్ని చిట్టచివరికి దాచిపెట్టింది, ఆమె మొదటి రోజే అడిగింది. ఇక్కడ పుస్తకాన్ని పట్టుకుని వేలాడే బోధకురాలు ఓడిపోతుంది. నేర్పు ఉన్న కార్యకర్త మ్మ ను మొదటి రాత్రే బోర్డు మీద రాస్తుంది. ఒక్క అక్షరం నేర్పితే గదిలో సగం మందికి సగం పేరు వచ్చేసినట్టే. అది అందరి పేర్లకూ ఉమ్మడి ఆస్తి. ఎవరి ముందు భాగం వాళ్లు నేర్చుకుంటే చాలు. లక్ష్మమ్మకు మాత్రం ఒక వారం ఎక్కువ పడుతుంది, ఆ క్ష్మ అంత తేలిగ్గా లొంగేది కాదు.

పేరు వచ్చాక ఆగిపోవడం అతి పెద్ద ప్రమాదం. ఎన్నో చోట్ల జరిగింది అదే. బొమ్మ గీసినట్టు సంతకం గీయడం నేర్పి, అక్షరాస్యుల జాబితాలో ఒక గీత పెట్టి వెళ్లిపోయారు. అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం వస్తేనే అక్షరాస్యత అని జనాభా లెక్కల నిర్వచనం. దస్కతు ఒక్కటే ఆ లెక్కలోకి రాదు. మంచి బోధన పేరును అక్కడే విరిచి మళ్లీ వాడుతుంది. బాలమ్మ, సాయమ్మ పక్కపక్కన కూర్చున్నారనుకోండి. వాళ్లిద్దరి పేర్లలో బ, ల, స, య, మ ఉన్నాయి, దీర్ఘం ఉంది. సున్న ఒక్కటి కలిపితే అందులోంచి బలం వస్తుంది, సాయం వస్తుంది, మాయ, మామ, మాల, బాల వస్తాయి. బాలమ్మ పేరులో ఉన్న అక్షరం సాయమ్మకు అవసరమై అడిగి తీసుకుంటుంది. ఆ రాత్రి నుంచి పేరు బొమ్మగా ఉండదు.

చెయ్యి సంగతి వేరు. కొడవలి పట్టిన చెయ్యి, పత్తి ఏరిన చెయ్యి బలపాన్ని పిడికిటితో పట్టుకుంటుంది. తెలుగు అక్షరం మొత్తం గుండ్రం. వేళ్లు వంగకపోతే రాదు. అందుకని ఆకారాలు కలిసే అక్షరాలను జట్లుగా నేర్పుతారు. వ, మ, య ఒక జట్టు. ప, ఫ, ష ఒకటి. ద, ధ, థ ఒకటి. ఒక వంపు చేతికి అలవాటైతే మూడు అక్షరాలు వచ్చేస్తాయి. తప్పు రాసినప్పుడు దాన్ని చెరిపేయకుండా పక్కన సరైనది రాసి, రెండూ చూడమనడం మంచి కార్యకర్తల అలవాటు. కార్యకర్త ముందు కూర్చున్నది తల్లి ఈడు మనిషి. పెద్దమ్మా, అత్తా, వదినే అని వరసపెట్టి పిలిచే ఊళ్లో, ఆ వరస చెడకుండా తప్పు దిద్దాలి. ఎన్ని శిక్షణలిచ్చినా ఈ మర్యాద బయటి నుంచి వచ్చేది కాదు. అందుకే బోధకులు ఆ చుట్టుపక్కల ఊళ్ల ఆడపిల్లలే అయిన చోట బడి నిలిచింది.

అంకెల దగ్గర వ్యవహారం తలకిందులవుతుంది. నేర్చుకునే మనిషే అక్కడ ఘనురాలు. సోల, తవ్వ, మానెడు, కుంచం కొలతల్లో ధాన్యం పంచిన ఆమెకు నోటి లెక్కలో బోధకురాలి కంటే వేగం ఎక్కువ. లేనిది ఒక్కటే, నోట్లో ఉన్న సంఖ్యను కాగితం మీద ఒకట్లు, పదులు, వందలుగా నిలబెట్టడం. మంచి పాఠం కూడికలతో కాలం వృథా చేయకుండా నేరుగా వడ్డీకి వెళ్తుంది. నూటికి మూడు రూపాయలు అన్న మాట ఊళ్లో అందరి నోటా ఉంటుంది. వెయ్యి రూపాయలు తెస్తే నెలకు 30, పన్నెండు నెలలకు 360. అప్పు అలాగే ఉంది, మూడో వంతు దాటి వడ్డీ కట్టేశాం. ఈ లెక్కను నోటితో చేయగలిగిన మనిషే దాన్ని సాహుకారు పద్దులో రాసినప్పుడు గుర్తుపట్టలేకపోయేది. పలక మీద 360 రాశాక పద్దు ఆమెకు అర్థమవుతుంది. కూలీలను వలస తీసుకెళ్లే గుంపు మేస్త్రీ రాసుకునే అడ్వాన్సు చిట్టా కూడా అదే భాష.

మేస్త్రీ మాట వచ్చింది కనుక వలస గురించి చెప్పాలి. దేశంలో ఎన్నో ఆనకట్టల కింద, కాలువ గట్ల మీద పాలమూరు లేబర్ చెమట ఉంది. వానాకాలం పంట ఇంటికి రాగానే జంటలు జంటలుగా ఊళ్లు విడిచేవాళ్లు, మళ్లీ తొలకరి నాటికి తిరిగొచ్చేవాళ్లు. పది నెలల వయోజన విద్యా కార్యక్రమం ఏదైనా ఈ జిల్లాలో మధ్యలో విరగక తప్పదు. దానికి మందు కాలపట్టిక మార్చడమే. ఊళ్లో జనం ఉన్న రోజుల్లో కొద్ది రోజుల శిబిరాలు పెట్టి, కూలి పోగొట్టుకోకుండా పని లేని రోజులు చూసి రాత్రీ పగలూ కలిపి నేర్పి, వెళ్లేటప్పుడు మరిచిపోకుండా చదువుకోవడానికి ఏదైనా చేతిలో పెట్టడం. జాతీయ అక్షరాస్యతా మిషన్ 1988లో వచ్చాక మూడు మెట్ల వాచకాలు, దాదాపు 200 గంటల బోధన అని ఒక కొలత పెట్టింది. నిమిషానికి 30 మాటలు పైకి చదవాలి, 7 మాటలు చూసి రాయాలి, 5 మాటలు చెబితే రాయాలి, నూరు వరకు అంకెలు రావాలి. కొలతలుండడం మంచిదే. కానీ ఆ 200 గంటలు వరసగా దొరికే ఇల్లు ఈ మెట్టప్రాంతంలో ఎన్ని ఉంటాయి?

పెద్దవాళ్లకు ఇలా ముక్కలు ముక్కలుగా నేర్పుతూనే, బడి మానేసిన ఆడపిల్లల కోసం మహిళా సమత మరో దారి తీసింది. మహిళా శిక్షణ కేంద్రం. పాతిక ముప్పై మంది అమ్మాయిల్ని ఏడాదికి కాస్త తక్కువ కాలం ఒకే చోట ఉంచి, అన్నం పెట్టి, ఏళ్ల చదువును కుదించి చెప్పడం. పత్తి చేన్లలోంచి, పశువుల వెనక నుంచి, కొన్నిసార్లు పెళ్లి పీటల మీద నుంచి వచ్చిన పిల్లలు వాళ్లు. చదువుతో పాటు ఒంటి గురించి, చట్టం గురించి, నేల గురించి నేర్పేవాళ్లు. ఇక్కడ కూడా మెచ్చుకోవాల్సింది ఎంపికే. పిల్లను కేంద్రానికి పంపేది తల్లి ఒక్కతే కాదు, వెనకాల సంఘం ఉండేది. మధ్యలో తండ్రి వచ్చి తీసుకెళ్తానంటే సంఘం మాట్లాడేది. 2004లో కేంద్ర ప్రభుత్వం కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు మొదలుపెట్టినప్పుడు ఇటువంటి కేంద్రాల అనుభవం ముందే ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో కొన్ని విద్యాలయాలను నడిపే బాధ్యత మహిళా సమతకే ఇచ్చారు.

నల్లగొండ వైపు చూస్తే అక్షరాన్ని అడగడం ఈ నేలకు అంతకు చాలా ముందే తెలుసు. నిజాం రాజ్యంలో కచ్చేరీ భాష, బడి భాష ఉర్దూ. ఇంట్లో తెలుగు మాట్లాడే రైతు తన భూమి కాగితాన్ని తాను చదువుకోలేడు. 1922లో నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామ నరసింహారావు నీలగిరి పత్రిక తెచ్చారు. 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్ర మహాసభ మరుసటి ఏడు నల్లగొండ జిల్లా దేవరకొండలో జరిగింది, పాలమూరు మనిషి బూర్గుల రామకృష్ణారావు దానికి అధ్యక్షులు. మహాసభతో పాటే ఆడవాళ్లకు వేరుగా సభ జరిగేది, ఆడపిల్లల చదువు అక్కడ ప్రతిసారీ వచ్చే డిమాండు. గ్రంథాలయం పెట్టడం, రాత్రి బడి నడపడం ఆనాటి కార్యకర్తలకు రాజకీయంలో తొలి పాఠం. ఖాన్‌గీ బడి తెరవాలన్నా సర్కారు అనుమతి కావాల్సిన రాజ్యంలో అది తేలిక పని కాదు. ఇదే జిల్లాలో తర్వాతి కాలంలో పోచంపల్లి పక్కన జలాల్‌పూర్‌లో పి.వి. నరసింహారావు చొరవతో స్వామి రామానంద తీర్థ గ్రామీణ సంస్థ వెలిసింది. బడి మధ్యలో మానేసిన యువతకు చేతి పని నేర్పే చోటు అది. అక్కడి వరుస మరోలా ఉంటుంది, చేతికి పని దొరికాక కాగితం వెంట వస్తుంది. అవసరం ముందు, అక్షరం తర్వాత అన్న లెక్క మాత్రం రెండు చోట్లా ఒకటే.

చదవడం వచ్చాక చదవడానికి ఏముంది అన్నది అన్ని కార్యక్రమాలూ తడబడిన చోటు. నెల్లూరు ఈ విషయంలో గొప్ప పాఠం నేర్పింది. 1991లో మొదలైన అక్షరాస్యతా ఉద్యమంలో వాచకంలో ఉన్న సీతమ్మ కథ సారా గురించి. ఆ జిల్లాలోని దూబగుంట ఆడవాళ్లు ఆ పాఠం చదివి సారా దుకాణం మీదికి వెళ్లారు. 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. పేరు రాసుకోవడం నేర్పడానికి రాసిన పుస్తకం అంత పని చేసింది, ఎందుకంటే ఆ పాఠంలో ఉన్నది చదువరి ఇంటి సంగతి. పాలమూరు, నల్లగొండ జిల్లాలకు ఆ తర్వాత 2006లో ఉపాధి హామీ వచ్చింది, రెండూ మొదటి విడతలోనే. జాబ్ కార్డు, మస్టర్, పే స్లిప్, సామాజిక తనిఖీలో పైకి చదివే పేర్ల జాబితా. కొత్తగా చదువు వచ్చిన మనిషికి ఇంతకంటే మంచి రెండో వాచకం ఎవరూ రాయలేరు. తన పేరు, తన రోజులు, తన డబ్బు. మస్టర్‌లో నాలుగు రోజులు తక్కువ రాస్తే ఆమెకు తెలుస్తుంది.

ఈ పనికి పరిమితులు లేవని నేను అనను. సంఘంలో పెద్ద వయసు ఆడవాళ్లు చాలామంది చివరిదాకా అక్షరం నేర్చుకోలేదు. 2011 లెక్కల్లో కూడా మహబూబ్‌నగర్ 55 శాతం అక్షరాస్యతతో ఉమ్మడి రాష్ట్రంలో అట్టడుగునే ఉంది. పది ఊళ్లకు ఒక కార్యకర్త చొప్పున, అడిగేదాకా ఆగి నేర్పే పద్ధతి జిల్లా అంకెను ఎత్తలేదు. ఎత్తుతానని అది మాటా ఇవ్వలేదు. తొందరపడి ఎత్తిన అంకెలు ఎంత వేగంగా కిందికి జారాయో సంపూర్ణ అక్షరాస్యత ప్రకటించుకున్న జిల్లాల చరిత్ర చూస్తే తెలుస్తుంది. ఈ రెంటిలో నేను నెమ్మది పనివైపే ఉంటాను.

2016లో కేంద్రం మహిళా సమాఖ్యకు నిధులు ఆపి, ఆ పనిని గ్రామీణ జీవనోపాధుల మిషన్‌లో కలపాలని నిర్ణయించింది. అదే ఏడు అక్టోబర్‌లో పాత మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలు కూడా ముక్కలయ్యాయి. పాత పాలమూరులోని మక్తల్, ఊట్కూరు మండలాలు ఇప్పుడు నారాయణపేట జిల్లాలో ఉన్నాయి. పదిహేనేళ్లు దాటిన అందరికీ చదువు చెప్పాలని 2022లో వచ్చిన కొత్త కార్యక్రమం ఇప్పుడు ఉల్లాస్ పేరిట నడుస్తోంది, వలంటీర్లు కావాలంటున్నారు, సెల్‌ఫోన్లో పాఠాలు పెడుతున్నారు. ఇరవై ఏళ్లకు పైగా ఆ ఊళ్లలో తిరిగి, మ్మ ను మొదటి రాత్రే రాయాలని, వడ్డీ లెక్కతో అంకెలు మొదలుపెట్టాలని, దీపావళి తర్వాత తరగతి పెట్టినా మనుషులుండరని తెలిసిన కార్యకర్తలు ఇంకా ఆ మండలాల్లోనే ఉన్నారు. కొత్త వలంటీర్లకు శిక్షణ ఇచ్చే గదిలోకి ముందు వాళ్లను పిలవాలి. వాళ్లకు గౌరవ వేతనం ఇచ్చి, మండలానికి ఇద్దరి చొప్పున పిలిచినా చాలు, రాబోయే వానాకాలం లోపే పని మొదలుపెట్టవచ్చు.